మోటారుకారును ఏ చక్రములు లాగవలెను?

నేడు మన పల్లెలలో కారు గాని చిన్న సరకుల బండి గాని కల రైతు కుటుంబములు పెక్కు గలవు. కూరగాయలు సంతకును, పాలు కేంద్రమునకును, విత్తనములు ఎరువులు సొసైటీ గోదామునుండి యింటికిని, జబ్బుపడినవారు ఆసుపత్రికిని చేరుట వీనిమీదనే జరుగుచున్నది. వీనిలో చాలభాగము అప్పుచేసి కొన్నవే. అప్పుచేసి కొన్న వస్తువు మన పని చేసినను చేయకున్నను వాయిదా మాత్రము తప్పదు. కావున కొనుటకు ముందే దాని గుణదోషములను తెలిసికొనుట సభ్యులకు మేలు.

మేము గ్రామములకు వెళ్ళినపుడు పైరులను గుఱించిన ప్రశ్నల నడుమ ఈ ప్రశ్నయు తఱచుగ వినుచున్నాము. "ముందు చక్రములు లాగు కారు మంచిదా, వెనుక చక్రములు నెట్టునది మంచిదా, లేక నాలుగు చక్రములును లాగునదే కొనవలెనా?" అని అడుగుచుందురు. అంగడివారు తమవద్ద నున్నదానినే మేలైనదందురు. పొరుగువారు తాము కొన్నదానినే మెచ్చుకొందురు. ఎవరి మాటను బట్టియు గాక, మన నేలను, మన బరువును, మన దారిని బట్టి దీనిని నిర్ణయించుకొను విధమును ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

బలము ఇంజనుది, పట్టు నేలది

కారు కదలుటకు రెండు కావలెను. ఇంజను చక్రమును త్రిప్పవలెను. నేల ఆ చక్రమును పట్టుకొనవలెను. మొదటిది యెంత యున్నను రెండవది లేనిచో చక్రము ఉన్నచోటనే తిరుగునుగాని బండి ముందునకు సాగదు. వాన కురిసిన రేగడిదారిలో ఎద్దులు ఎంత బలిసినవైనను గిట్టలు జాఱినచో బండి కదలకపోవుట రైతులెఱిగినదే.

ఈ పట్టు రెండింటిని బట్టి యుండును. ఒకటి నేల స్వభావము. రెండవది ఆ చక్రముపై పడిన బరువు. పొడి తారురోడ్డుపై చక్రము మీద 100 కిలోల బరువున్నచో సుమారు 70 కిలోల పట్టు దొరకును. తడిసిన తారుపై అది సుమారు 40 కిలోలకు తగ్గును. పలుచని బురద కప్పిన నేలపై 20 కిలోలు దొరకుటయు కష్టము. టైరు అరిగినచో ఇదియు తగ్గును. ట్రాక్టరు వెనుక చక్రములకు ఇనుపదిమ్మలు తగిలించుటయు, టైర్లలో నీరు నింపుటయు దీనికొఱకే. ఇంజను బలము పెంచుటకు గాదు, లాగు చక్రముపై బరువు పెంచి పట్టు సంపాదించుటకు.

ఇక కారులో ఏ చక్రములకు ఇంజను బలము పంపబడునో ఆ చక్రముల మీది బరువు మాత్రమే లాగుటకు పనికివచ్చును. తక్కిన చక్రములు వట్టిగ దొరలుచుండును. ఈ యొక్క మాటను మనసున నుంచుకొన్నచో మూడు రకముల కార్ల భేదమును తేటగ తెలియును.

వెనుక చక్రములు నెట్టు కారు

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో చేసిన మూడు చక్రముల మోటారుబండికి వెనుక చక్రములే నడకనిచ్చినవి. ఫ్రాన్సులో పానార్, లెవసోరు కంపెనీవారు 1891లో ఇంజనును ముందునకు తెచ్చి, బలమును వెనుక చక్రములకు పంపు పద్ధతిని నెలకొల్పిరి. తరువాత చాలకాలము లోకమునందలి కార్లలో పెక్కు ఈ మార్గముననే నడచినవి. మన దేశమున 2014వరకు తయారైన అంబాసిడరు ఇట్టిదే. ముందునున్న ఇంజనునుండి బండి క్రిందుగా ఒక పొడవైన ఇనుపకడ్డీ వెనుక ఇరుసువరకు పోవును. దీనిని ప్రొపెల్లరు షాఫ్టందురు.

దీని గుణములివి. బరువు వెనుకకు ఎక్కించినకొలది నెట్టు చక్రములకే పట్టు హెచ్చును. ఎత్తెక్కునపుడు కూడ బండి బరువు కొంత వెనుకకు జరుగును గాన అదియు లాభమే. ముందు చక్రములకు దారి త్రిప్పు పని యొక్కటే యుండును. సరకు మోయు లారీలు, 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్నబండ్లు, 1984లో వచ్చి తరువాత ఓమ్ని యనబడిన మారుతి వ్యాను, 2010లో వచ్చిన ఈకో, ఇవన్నియు వెనుక చక్రములతో నడచునవే. బరువు మోయుటకు పుట్టిన బండికి ఇది సహజమైన యేర్పాటు.

దోషము లేకపోలేదు. ఖాళీగా నున్నపుడు వెనుక బరువు తక్కువ గాన, సరకు దించి తిరిగివచ్చు చిన్నబండి తడినేలపై వట్టిగ చక్రములు త్రిప్పుచుండును. మలుపున తొందరపడి ఏక్సిలేటరు త్రొక్కినచో తోకభాగము ప్రక్కకు విసరును. షాఫ్టు పోవుటకు స్థలము కావలెను గాన కారులోపలి నేల మధ్య గట్టువలె ఎత్తుగా నుండును. బండి బరువును కొంత హెచ్చును.

ముందు చక్రములు లాగు కారు

ఇది ఎద్దులబండి తీరు; బలము ముందుండి లాగును. ఆలోచన పాతదే యైనను అమలు చాల ఆలస్యమయినది. కారణము సులభము. ముందు చక్రము దారికొఱకు కుడియెడమలకు తిరుగవలెను, అదే సమయమున బలమును కూడ అందుకొనవలెను. వంగుచునే సమముగ తిరుగు కీలు కావలెను. అమెరికాలో ఆల్ఫ్రెడ్ రెజెప్పా యనునతడు 1926 ప్రాంతమున ఇనుపగుండ్లతో నట్టి కీలును కనిపెట్టెను. ఫ్రాన్సులో సిట్రొయెన్ కంపెనీ 1934లో ముందు చక్రములు లాగు కారును పెద్దయెత్తున అమ్మెను. ఇంగ్లండులో అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించిన మినీ 1959లో వచ్చినది. ఇంజనును అడ్డముగ పెట్టి, చిన్నకారులో నలుగురు కూర్చుండు చోటు మిగుల్చుట దాని విశేషము. మన దేశమున 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఈ పద్ధతిని ఇంటింటికి పరిచయము చేసినది. నేడు అమ్ముడుపోవు చిన్నకార్లలో చాలభాగము ఇట్టివే.

దీని గుణములు: ఇంజను, గేరుపెట్టె, లాగు చక్రములు ఒకేచోట నుండును గాన పొడవైన షాఫ్టు అక్కఱలేదు. బండి తేలిక, లోపల చోటు విశాలము, చమురు ఖర్చు తక్కువ. ఇంజను బరువు లాగు చక్రములమీదనే పడును గాన ఖాళీకారు తడిరోడ్డుపై చక్కగ పోవును. మలుపున వేగము మించినచో కారు తోక విసరక, ముందుభాగము మలుపునకు వెలుపలికి పోవజూచును. వేగము తగ్గించినచో సాధారణముగ తిరిగి దారికి వచ్చును.

దోషములు: వెనుక సీటునను డిక్కీలోను బరువు నింపినచో ఆ బరువు లాగు చక్రములకు ఉపయోగపడదు. నిండుకారు జాఱు ఎత్తు ఎక్కునపుడు ముందు చక్రములు తేలికపడి తిరుగజొచ్చును. లాగుట, దారి త్రిప్పుట, బ్రేకు బరువులో అధికభాగము మోయుట మూడును ముందు టైర్లకే పడును గాన అవి త్వరగ అరుగును. పైన చెప్పిన కీలుకు రబ్బరు తొడుగుండును. అది చినిగి దుమ్ము దూఱినచో కీలు చెడును. కారును బాగుగ త్రిప్పునపుడు ముందునుండి టకటకమను చప్పుడు వినబడినచో ఆలసింపక చూపించుకొనవలెను. తొడుగునకు పోవు ఖర్చు స్వల్పము. కీలునకు పోవునది అంత స్వల్పము గాదు.

నాలుగు చక్రములును లాగు కారు

దీనిని తెలిసికొనుటకు ముందు మలుపులో చక్రముల నడకను చూడవలెను. కళ్ళమున బంతి కట్టి త్రొక్కించునపుడు గుంజకు దగ్గఱి ఎద్దు కొంచెము నడచును. చివరి ఎద్దు మిక్కిలి నడువవలెను. కారు తిరుగునపుడును లోపలి చక్రము తక్కువ, వెలుపలి చక్రము ఎక్కువ తిరుగవలెను. ఒకే ఇరుసుపై నున్న రెండు చక్రములకు ఈ తేడాను ఇచ్చు పండ్లచక్రముల కూర్పునకు డిఫరెన్షియల్ అని పేరు. ఫ్రాన్సులో పెకూరు అను నతడు 1827లో దీనికి పేటెంటు పొందెను.

ఈ కూర్పు మలుపునకు మేలుచేయును గాని బురదలో కీడుచేయును. ఒక చక్రము జాఱినచో అదియే గిఱగిఱ తిరుగును, గట్టినేలపైనున్న రెండవది నిలిచిపోవును. ట్రాక్టరు తోలువారు ఇట్టిచోట డిఫరెన్షియల్ లాకు పెడలు నొక్కి రెండు చక్రములను ఒకటి చేయుదురు. బురద దాటినపిదప వదలుదురు. లాకు వేసి మలుపు త్రిప్పరాదను సంగతి వారికి తెలిసినదే.

నాలుగు చక్రములు లాగు కార్లు రెండు తెగలు. మొదటిది జీపు తెగ. 1941 మొదలు అమెరికా సైన్యమునకొఱకు విల్లీస్ కంపెనీవారు చేసిన జీపులు దీనికి ప్రసిద్ధిని తెచ్చినవి. మన దేశమున 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ ఇట్టివి. మామూలుగ వెనుక చక్రములతో నడచును. దారి చెడినపుడు మీట వేసి ముందు చక్రములను కూడ కలుపవచ్చును. మెల్లగ బలముగ పోవుటకు లో గేరు కూడ ఉండును. ఐతే ముందు ఇరుసు, వెనుక ఇరుసు గట్టిగ కలిసిపోవును గాన, పొడి తారురోడ్డుపై మీట వేసి నడుపరాదు. మలుపులో రెండు ఇరుసుల నడక వేఱగును. నేల జాఱనీయదు గనుక ఆ యొత్తిడి పండ్లచక్రములపై పడి యంత్రము చెడును.

రెండవ తెగను ఆల్ వీల్ డ్రైవ్ అందురు. ఇందు రెండు ఇరుసుల నడుమ మఱియొక డిఫరెన్షియల్ గాని, అవసరమునుబట్టి బలము పంచు క్లచ్చి గాని యుండును. 1980లో ఆడీ కంపెనీవారి క్వాట్రో కారు ఈ తెగను రోడ్డుకార్లలో పేరు పొందునట్లు చేసినది. మీట వేయ నవసరము లేదు, తారురోడ్డుపైనను నడుపవచ్చును. తడిరోడ్డునకు, గులకదారికి మంచిది. కాని క్లచ్చి గల రకములను లోతు బురదలో చాలసేపు జాఱనిచ్చినచో అవి వేడెక్కి పని మానును.

కొనువారు ఒక సంగతి గమనింపవలెను. ఎత్తుగ, బలిష్ఠముగ కనబడు ప్రతి కారును నాలుగు చక్రములు లాగునది కాదు. 2015లో వచ్చిన హ్యుండై క్రెటా ఎత్తైన కారే యైనను ముందు చక్రములు లాగునది. 2020లో వచ్చిన క్రొత్త మహీంద్రా థార్ మొదట నాలుగు చక్రములు లాగు రకముగనే యుండి, 2023లో వెనుక చక్రముల రకమును కూడ వచ్చినది. ఒకే పేరున రెండు రకములుండవచ్చును. టొయోటా ఇన్నోవా 2005లో మన దేశమునకు వచ్చినపుడు వెనుక చక్రములది. 2022లో చూపబడిన హైక్రాస్ అను రకము ముందు చక్రములది. కావున ఆకారమును, పేరును చూడక కాగితములలో ఏమి వ్రాసియున్నదో అడిగి తెలిసికొనుడు.

విద్యుత్తుకార్లలోను ఈ భేదమే కలదు. వానిలో మోటారు ఏ ఇరుసునొద్ద నున్నదో ఆ చక్రములే లాగును. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్తుకారుకు ముందు, 2024లో వెలువడిన మహీంద్రా ఎక్స్ ఇ వి 9 ఇ కారుకు వెనుక మోటారున్నది. 2025లో వచ్చిన టాటా హ్యారియర్ విద్యుత్తుకారులో ఒక రకమునకు ముందొకటి వెనుకొకటి రెండు మోటార్లున్నవి. షాఫ్టు పోయినను పట్టు సూత్రము మాఱలేదు.

ఒక లెక్క

మాటలకంటె లెక్క మేలు. మనుష్యులు, సామాను చేరి 1400 కిలోల బరువైన కారును తలపోయుడు. సమనేలపై ముందు చక్రములమీద 650, వెనుక చక్రములమీద 750 కిలోలు పడుచున్నదనుకొందము. పది అడుగుల దూరమునకు ఒక అడుగు లేచు ఎత్తు ఎదురైనది. ఎత్తెక్కునపుడు 30 కిలోలు వెనుకకు జరిగి ముందు 620, వెనుక 780 అగును. ఎత్తుకొఱకే బరువులో పదవవంతు, అనగా 140 కిలోల లాగుడు కావలెను.

ఆ యెత్తు తడి తారురోడ్డైనచో చక్రములు దొరలుటకు మఱి 20 కిలోలు చేర్చి మొత్తము 160 కిలోలు కావలెను. నూటికి 40 వంతున ముందు చక్రములకు 248, వెనుక చక్రములకు 312, నాలుగింటికి 560 కిలోల పట్టు గలదు. మూడు కార్లును ఎక్కును. నాలుగు చక్రములకు పెట్టిన అదనపు సొమ్ము ఇచట పనిచేయలేదు.

అదే యెత్తు బురదయైనచో చక్రములు బురదను చీల్చుకొని దొరలుటకు 70 కిలోలు చేర్చి 210 కావలెను. నూటికి 20 వంతున ముందు చక్రములకు 124, వెనుక చక్రములకు 156 మాత్రమే పట్టు. రెండును నిలిచిపోవును. నాలుగింటికి 280, ఇది ఎక్కును.

ఇక బురదయే యున్నను దారి సమమైనచో 70 కిలోలు చాలును. ముందు చక్రములకు 130, వెనుక చక్రములకు 150 పట్టు గలదు, మూడును దాటును. దీనివలన తేలునదేమనగా, రోడ్డు గట్టిదైనను, బురద సమముగ నున్నను రెండు చక్రములే చాలును. ఎత్తును బురదయు కలిసినచోట, లేదా బురద లోతైనచోట మాత్రమే నాలుగు చక్రములు తమ వెలకు తగిన పని చేయును.

నాలుగు చక్రములు చేయలేని పనులు

ఈ భాగమును సభ్యులు రెండుమారులు చదువ గోరుచున్నాము. ఇంతకు ముందు చెప్పినది సొమ్మునకు సంబంధించినది. ఇది ప్రాణమునకు సంబంధించినది.

నాలుగు చక్రములు లాగు కారు బయలుదేరుటలో మేలైనది. ఆగుటలో మేలైనది కాదు. బ్రేకులు అన్ని కార్లకును నాలుగు చక్రములకు కలవు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, బ్రేకు పట్టినపిదప, పొడి తారుపై సుమారు 20 మీటర్లలో నిలుచును. తడి తారుపై 35 మీటర్లు కావలెను. పొలములనుండి వచ్చిన ట్రాక్టర్ల బురద పడి వానకు జిడ్డుకట్టిన రోడ్డుపై 70 మీటర్లు కావలెను. ఈ దూరము మూడు రకముల కార్లకును ఒక్కటే. పైగా నాలుగు చక్రముల కారు జాఱుచోట కూడ సులభముగ వేగమందుకొనును గాన, నడుపువానికి నేల జాఱుచున్నదను సంగతి తెలియక మోసపోవును.

రెండవది వాగు. వానకాలమున చప్టాలపై నీరు పాఱునపుడు "మా బండి ఫోర్ బై ఫోర్, దాటగలదు" అని దిగువారు కలరు. పట్టునకు బరువే మూలమని మొదట చెప్పితిమి. నీరు కారు క్రింది రేకును తాకినది మొదలు దానిని పైకెత్త నారంభించును. చిన్నకారు అడుగుభాగము సుమారు 6 చదరపు మీటర్లనుకొన్నచో, నీరు ఆ రేకుపైన 10 సెంటీమీటర్లు లేచిన ప్రతిసారి సుమారు 600 కిలోల బరువును తీసివేయును. నేలనుండి రేకువరకు 17 సెంటీమీటర్లున్న కారు 37 సెంటీమీటర్ల నీటిలో దిగినచో, అనగా మోకాలి క్రిందివరకు నీరున్నపుడే, 1400 కిలోలలో 1200 కిలోలు నీటిపాలగును. చక్రములన్నిటిమీద కలిపి మిగులునది 200 కిలోలు. దానికి తడిసిమెంటుపై దొరకు పట్టు 80 కిలోలు. వడివడిగ నడచు మనిషి వేగముతో పాఱు నీరు కారు ప్రక్కను 100 కిలోలకు మించి నెట్టును. ఇక కారు నిలుచుట యెట్లు? నాలుగు చక్రములు తిరిగినను తేలిన చక్రమునకు పట్టు లేదు.

ఒక అడుగు లోతున ఉరవడిగ పాఱు నీరు చాలకార్లను కొట్టుకొనిపోగలదనియు, రెండడుగులు ఎత్తైన పెద్ద బండ్లను కూడ కొట్టుకొనిపోగలదనియు అమెరికా వాతావరణ శాఖవారు ప్రజలను హెచ్చరించుచున్నారు. నీటిక్రింద చప్టా తెగియున్నదో లేదో పైకి కనబడదు. సామాను పోయిన మరల కొనవచ్చును. బండిలో నున్న బిడ్డలు పోయిన కొనలేము. వాగు పొంగియున్నపుడు ఒడ్డున ఆగుటయే నడుపువాని నేర్పు.

సొమ్ము లెక్క

నాలుగు చక్రముల కారునకు వెల హెచ్చు. బరువు హెచ్చు గాన చమురును హెచ్చు. డిఫరెన్షియళ్ళు, షాఫ్టులు ఎక్కువ గాన మరమ్మతును హెచ్చు. వెలలోని తేడా 2 లక్షల రూపాయలనుకొని, దానిని నూటికి 10 వడ్డీకి 5 సంవత్సరముల నెలవాయిదాలపై తెచ్చితిమనుకొందము. నెలకు సుమారు 4,250 రూపాయలు, మొత్తము సుమారు 2,55,000 చెల్లింపవలెను. మీకు సంవత్సరమునకు 10 దినములు మాత్రమే నాలుగు చక్రముల అవసరము వచ్చినచో, 5 సంవత్సరములలో 50 దినములు. దినమునకు 5,100 రూపాయలు పడినది. కారు నమ్మునపుడు కొంత తిరిగివచ్చుననుట నిజమే. ఐనను ఆ పది దినములు పొరుగువాని ట్రాక్టరు సాయముతో గడుపుకొనుట చౌక కాదా యని ఆలోచింపుడు.

ఇదే లెక్క మఱొకచోట వేఱు జవాబిచ్చును. పాడేరు, అరకు ప్రాంతముల కొండయూళ్ళలో ఎత్తును బురదయు కలిసియుండు మట్టిదారి నెలలకొలది యుండును. సంవత్సరమునకు 100 దినములు వాడినచో తేడా దినమునకు 510 రూపాయలే. ప్రసవవేదన పడు స్త్రీని రాత్రివేళ ఆసుపత్రికి చేర్చవలసినపుడు ఆ సొమ్ము ఎక్కువ యనలేము. కావున ఊరిలో ఎవరో కొనిరని గాక, మన దారిలో బురదయెత్తు దినములెన్ని యని లెక్కించి కొనవలెను.

ఎవరికి ఏది తగును?

1. ఊరికి తారు గాని సిమెంటు గాని రోడ్డుండి, కుటుంబ ప్రయాణములకే కారు కావలసినవారికి ముందు చక్రములు లాగు చిన్నకారు చాలును. వెలయు, చమురును కలిసివచ్చును.

2. ధాన్యము, కూరగాయలు, పాలడబ్బాలు తఱచుగ మోయువారికి వెనుక చక్రములు నెట్టు బండి తగినది. బరువు వెనుకనుండును, బలమును వెనుకనే యుండును.

3. కృష్ణా, గోదావరి డెల్టాలలో పొలముగట్టువరకు పోవలసినవారు ఆ పని ట్రాక్టరునకు వదలి, కారును రోడ్డుననే యుంచుట మేలు. దమ్ముచేయు ట్రాక్టరు కొనువారికి మాత్రము నాలుగు చక్రముల మేలు నిజమైనది. అచట దినదినము లోతు బురదలోనే పని.

4. నంద్యాల, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరేగడిలో వానదినములందు మట్టి టైరు గాళ్ళలో నిండి టైరు నున్ననగును. అట్టి మట్టిని విదల్చు లోతుగాళ్ళ టైర్లు లేనిచో నాలుగు చక్రములును జాఱును. టైరును మార్చక బండిని మార్చుట వ్యర్థము. నీరు త్వరగ ఇంకు ఎఱ్ఱచల్క నేలలవారికి ఈ బాధ తక్కువ.

5. కొండదారులవారికి, రోడ్డులేని యూళ్ళవారికి లో గేరు గల జీపు తెగ బండి తగినది.

కొన్నదానిని నడపు తీరు

ఇప్పటికే కారున్నవారు దానిని మార్చుకొన నక్కఱలేదు. సూత్రమును వాడుకొన్న చాలును. ఖాళీ సరకుబండి తడినేలపై జాఱుచున్నచో వెనుక ఇరుసుపైకి వచ్చునట్లు రెండుమూడు 50 కిలోల బస్తాలు వేసి, కదలకుండ కట్టవలెను. ముందు చక్రములు లాగు కారులో బరువును డిక్కీ చివర కుక్కక సీట్ల నడుమకు జరుపవలెను. అట్టి కారు కొద్దిపాటి జాఱు ఎత్తును ముందునకు ఎక్కలేనపుడు, దారి తిన్ననిదై వెనుక మనుష్యులు లేకున్నచో, వెనుకకు నడిపి ఎక్కించి చూడవచ్చును. అప్పుడు లాగు చక్రములు పల్లపు ప్రక్క నుండి వానిపై బరువు హెచ్చును.

బురదలో చక్రము తిరుగజొచ్చినచో ఏక్సిలేటరు ఇంకను త్రొక్కుట గోతిని త్రవ్వుకొనుటయే. కాలు తీసి, చక్రముల ముందు మట్టిని పాఱతో తీసి, గడ్డి గాని కంప గాని గోనెపట్టా గాని వేసి, రెండవ గేరున మెల్లగ కదలింపవలెను. ఇసుకలోను బురదలోను టైరుగాలిని కొంత తగ్గించినచో టైరు వెడల్పై ఎక్కువ నేలను పట్టును. తారురోడ్డు చేరగనే మరల గాలి నింపవలెను. టైరు గాళ్ళ అడుగున అరుగుదలను తెలుపు చిన్నగట్లుండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమమైనచో వానకాలమునకు ముందే మార్చవలెను. అరిగిన టైర్లతో నాలుగు చక్రములు లాగు కారుకంటె, మంచి టైర్లతో రెండు చక్రములు లాగు కారు వానలో నమ్మదగినది.

ఇట్లు చూచినచో ముందు, వెనుక, నాలుగు అను మూడింటిలో ఎల్లరకును మేలైనదొకటి లేదు. లాగు చక్రముపై బరువున్నదా, ఆ చక్రము క్రింద నేల గట్టిదా అను రెండు ప్రశ్నలే యున్నవి. అప్పు దరఖాస్తు వ్రాయుటకు ముందు సభ్యులు తమ దారిని ఒక వానకాలము గమనించి, ఎన్ని దినములు బండి నిలిచినదో, ఎచట నిలిచినదో, ఎంత బరువుతో నిలిచినదో ఒక కాగితముపై వ్రాసికొనుదురుగాక. ఏ బండి కొనవలెనో ఆ కాగితమే చెప్పును.